అశోక్‌నగర్ నుంచి నారాయణగూడ దాకా: ఇంగ్లిష్ నోటికి వచ్చే దారి

జూబ్లీ బస్ స్టేషన్‌నూ మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌నూ కలుపుతూ 2020 ఫిబ్రవరిలో మొదలైన హైదరాబాద్ మెట్రో మార్గం మీద ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ స్టేషన్లు ఒకదాని తర్వాత ఒకటిగా వస్తాయి. వీటికి పడమటి వైపు ఇందిరా పార్కు దాకా పరుచుకున్న అశోక్‌నగర్‌ను కూడా కలుపుకున్నా, కాలినడకన ఒక పూటలో చుట్టి రాగలిగినంత చిన్న ప్రాంతమే ఇది. అయినా గ్రూప్-1, గ్రూప్-2, సివిల్ సర్వీసుల పరీక్షలకు సిద్ధమయ్యేందుకు తెలంగాణ జిల్లాల నుంచీ, ఆంధ్రప్రదేశ్ నుంచీ వచ్చిన వేలమంది యువతీయువకులు ఇక్కడి హాస్టళ్లలో, అద్దె గదుల్లో, స్టడీ హాళ్లలో ఏళ్ల తరబడి గడుపుతారు. వీరిలో చాలామంది పొద్దున్నే ఇంగ్లిష్ దినపత్రిక సంపాదకీయంతో రోజు మొదలుపెట్టి, రాత్రి ఇంగ్లిష్ పుస్తకంతోనే ముగిస్తారు. రాజ్యాంగ అధికరణలను ఇంగ్లిష్‌లో అక్షరం పొల్లుపోకుండా చెప్పగలరు. కానీ అదే విషయం మీద ఎదుటి మనిషితో అయిదు నిమిషాలు ఇంగ్లిష్‌లో మాట్లాడమంటే గొంతు పెగలదు. పుస్తకం ముందు సాఫీగా సాగిన భాష మనిషి ముందు ఎందుకు ఆగిపోతుందన్న ప్రశ్నతో ఈ వీధుల్లో నడిచేవారికి, జవాబులో కొంత భాగం ఈ ప్రాంతపు అమరికలోనే కనిపిస్తుంది.

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో దిగి, సినిమా థియేటర్ల సందడి దాటి లోపలికి మళ్లితే చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం వస్తుంది. అక్కడి పుస్తకాల కోసం వచ్చేవారికంటే తమ పుస్తకాలు తామే సంచీలో తెచ్చుకుని, కూర్చునే చోటు కోసం వచ్చేవారే ఇప్పుడు ఎక్కువ. లోపల చోటు దొరకనివారు ఆవరణలోనే ఎక్కడో ఒకచోట సర్దుకుంటారు. చుట్టుపక్కల వీధుల్లో నెలవారీ రుసుముకు సీటు ఇచ్చే స్టడీ హాళ్లు వరుసగా కనిపిస్తాయి. అడ్డుచెక్కల మధ్య ఒక బల్ల, ఒక లైటు, ఫోన్ చార్జింగుకు ఒక ప్లగ్గు, గోడ మీద నిశ్శబ్దం పాటించాలన్న సూచన. చదువుకు ఆ నిశ్శబ్దం అవసరమే, దాన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. అయితే రోజుకు పది పన్నెండు గంటలు ఆ బల్ల ముందు గడిపే విద్యార్థి నోరు ఆ సమయమంతా మూసే ఉంటుందన్నది కూడా అంతే నిజం.

భాషాబోధనలో వినడం, చదవడం అనే రెండింటినీ గ్రహణ నైపుణ్యాలనీ, మాట్లాడటం, రాయడం అనే రెండింటినీ వ్యక్తీకరణ నైపుణ్యాలనీ అంటారు. మొదటి జత బలపడితే రెండోది దానంతట అదే వస్తుందన్న నమ్మకం చాలాకాలం ఉండేది. కెనడాలో ఫ్రెంచ్ మాధ్యమంలో ఏళ్లపాటు చదివిన ఇంగ్లిష్ పిల్లలను పరిశీలించిన మెరిల్ స్వెయిన్ అనే పరిశోధకురాలు 1985లో ఈ నమ్మకాన్ని ప్రశ్నించింది. ఆ పిల్లలు ఫ్రెంచ్‌ను చక్కగా అర్థం చేసుకునేవారు, కానీ ఆ స్థాయిలో మాట్లాడలేకపోయేవారు. ఎదుటివారికి అర్థమయ్యేలా తమంతట తాము వాక్యం కట్టుకోవాల్సిన అవసరం వారికి తగినంతగా కలగకపోవడమే ఇందుకు ముఖ్య కారణమని ఆమె వాదించింది. ఆమె చూసింది కెనడా బడిపిల్లలనే అయినా, చిక్కడపల్లి స్టడీ హాళ్లకు ఈ మాట యథాతథంగా వర్తిస్తుంది. ఇక్కడి విద్యార్థికి ఇంగ్లిష్ కంటి ద్వారా దండిగా అందుతోంది. నోటి ద్వారా బయటికి రావాల్సిన అగత్యం మాత్రం రోజులో ఒక్కసారీ ఎదురుకావడం లేదు.

పరీక్షలు కూడా ఆ అగత్యాన్ని కల్పించడం లేదు. తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఇంగ్లిష్ 150 మార్కుల పేపరే అయినా, అందులో అర్హత మార్కులు వస్తే చాలు, ర్యాంకులో అవి కలవవు. గ్రూప్-1, గ్రూప్-2 నియామకాల్లో ఇంటర్వ్యూలను 2022లో తొలగించారు. బోర్డు ముందు మాట తడబడి మార్కులు పోతాయన్న భయం గ్రామీణ అభ్యర్థులకు ఆ నిర్ణయంతో తప్పింది, పక్షపాతపు అనుమానాలకూ తావు తగ్గింది. ఆ మేరకు అది మంచి నిర్ణయమే. సివిల్ సర్వీసుల్లో మాత్రం మొత్తం 2025 మార్కుల్లో 275 ఇంటర్వ్యూవి, కాబట్టి అక్కడిదాకా వెళ్లిన కొద్దిమంది నోరు విప్పక తప్పదు. మెయిన్స్‌ను తెలుగులో రాసినవారు ఇంటర్వ్యూను కూడా తెలుగులో ఇచ్చే వీలుంది. శ్రీకాకుళం జిల్లా పలాస ప్రాంతపు రైతు కుటుంబం నుంచి వచ్చిన రోణంకి గోపాలకృష్ణ 2016 సివిల్స్‌లో తెలుగు మాధ్యమంతోనే దేశంలో మూడో ర్యాంకు సాధించడం అశోక్‌నగర్‌లో తెలుగు మాధ్యమ విద్యార్థులకు కొండంత ధైర్యమిచ్చింది. ఇంగ్లిష్ మాట రానంత మాత్రాన మనిషి ఆలోచనకు లోటేమీ లేదని ఆ ఫలితం అందరికీ తెలిసేలా చెప్పింది.

అశోక్‌నగర్ నోరు తెరిచేది సాయంత్రం, చాయ్ బండ్ల దగ్గర. పుస్తకాలు మూసి గుంపులుగా చేరినప్పుడు సాగే ఆ చర్చలు వినదగినవి. ‘ఆర్టికల్ 356 మిస్‌యూజ్ చేస్తే కోర్టు రివ్యూ చేయొచ్చు కదన్నా, బొమ్మై కేసులో నైన్ జడ్జెస్ బెంచ్ చెప్పిందదే’ వంటి వాక్యం అక్కడ ఎవరి నోటైనా తడుముకోకుండా వస్తుంది. రెండు భాషలను ఇలా ఒకే వాక్యంలో కలపడాన్ని భాషాశాస్త్రంలో కోడ్ మిక్సింగ్ అంటారు. దీన్ని సోమరితనంగానో భాషా కాలుష్యంగానో చూసేవారు, అందులో జరుగుతున్న పనిని గమనించడం లేదు. ఆ వాక్యంలో విషయాన్ని మోసే నామవాచకాలు దాదాపు అన్నీ ఇంగ్లిష్‌వే. క్రియలను ముగించే ప్రత్యయాలు, విభక్తులు, ‘కదా’, ‘అదే’ వంటి మాటలు తెలుగువి. అంటే ఆ యువకుడికి కొరవడింది పదసంపద ఎంతమాత్రం కాదు. కొరవడింది ఆ పదాలను ఇంగ్లిష్ వరుసలో నిలబెట్టే అస్థిపంజరం: సహాయక క్రియలు, కాలాలు, ఆర్టికల్స్, వాక్యాన్ని వాక్యంతో ముడివేసే చిన్న చిన్న మాటలు. ఇంత స్పష్టంగా కనిపిస్తున్నా, ఈ వీధుల్లో స్పోకెన్ ఇంగ్లిష్ పేరుతో అమ్ముడుపోయే పుస్తకాల్లో చాలా భాగం పదాల జాబితాలతోనే నిండి ఉంటుంది. ఆకలి ఒకచోట ఉంటే అన్నం మరోచోట వడ్డిస్తున్న తీరు ఇది.

ఆ అస్థిపంజరం తెలుగువారికి ఎక్కడ కష్టమవుతుందో చెప్పడానికి కొన్ని ఉదాహరణలు చాలు. తెలుగు వాక్యంలో క్రియ చివరికి వస్తుంది కాబట్టి, వక్త కర్తనూ కర్మనూ వివరాలనూ చెప్పుకుంటూ పోయి చివర్లో నిర్ణయం తీసుకోవచ్చు. ఇంగ్లిష్‌లో కర్త తర్వాత వెంటనే క్రియను, దానితోపాటే కాలాన్నీ తేల్చుకోవాలి. రాసేటప్పుడు వెనక్కి వెళ్లి దిద్దుకునే వ్యవధి ఉంటుంది, మాట్లాడేటప్పుడు ఉండదు. అందుకే రాతలో కనిపించని తొట్రుపాటు మాటలో కనిపిస్తుంది. ‘రోజూ వస్తాను’, ‘రేపు వస్తాను’ అన్నప్పుడు తెలుగు క్రియ మారదు. ‘నిన్న వచ్చాను’, ‘ఇప్పుడే వచ్చాను’ అన్నప్పుడూ మారదు. ఇంగ్లిష్ ఈ నాలుగింటిని వేరు చేస్తుంది గనుకనే ‘ఐ హావ్ కమ్ ఎస్టర్‌డే’ వంటి వాక్యాలు పుడతాయి. ‘మీరు నిన్న రాలేదా?’ అంటే రానివారు తెలుగులో ‘అవును, రాలేదు’ అంటారు. అదే అలవాటుతో ఇంగ్లిష్‌లో ‘ఎస్’ అని ఊరుకుంటే అవతలివారు వచ్చినట్టుగా అర్థం చేసుకుంటారు. వ్యాకరణ పరీక్షలో ఎన్నడూ బయటపడని ఈ చిక్కు ఫోన్‌లోనో ఇంటర్వ్యూలోనో హఠాత్తుగా అపార్థానికి దారితీస్తుంది.

ఇలాంటి రూపాలను లారీ సెలింకర్ 1972లో మధ్యంతర భాష అనే భావనతో వివరించాడు. ఒక భాష నుంచి మరో భాషకు సాగుతున్న మనిషి నడిమధ్యలో తనదైన ఒక వ్యవస్థను కట్టుకుంటాడనీ, అందులోని తప్పులు చిందరవందరగా ఉండవనీ, వాటికీ ఒక క్రమం ఉంటుందనీ దాని సారాంశం. చాయ్ బండి దగ్గరి యువకుడిని వినేవారు ఈ సంగతి గుర్తుంచుకుంటే, అతను పలికే ప్రతి తప్పు వాక్యం వెనుక చక్కని తెలుగు వాక్యం ఒకటి వినిపిస్తుంది.

ఉచ్చారణ సంగతి వేరు. తెలుగు అజంత భాష, అంటే పదాలు సాధారణంగా అచ్చుతో ముగుస్తాయి. అందువల్లే బస్సు, కారు, బుక్కు వంటి రూపాలు స్థిరపడ్డాయి. ఇంగ్లిష్ మాట్లాడేటప్పుడు కూడా హల్లు తర్వాత ఒక ‘ఉ’ తొంగిచూడటం ఈ అలవాటు ఫలితమే. ‘ఎగ్’ ముందు ‘య’కారం, ‘ఓన్లీ’ ముందు ‘వ’కారం చేరడం కూడా తెలుగు స్వభావమే. వీటి మీదే స్పోకెన్ ఇంగ్లిష్ తరగతులు ఎక్కువ సమయం వెచ్చిస్తాయి గానీ, అర్థానికి నిజంగా అడ్డుపడేది మరొకటి ఉంది. తెలుగులో ప్రతి అక్షరం దాదాపు సమానమైన స్పష్టతతో పలుకుతుంది. ఇంగ్లిష్‌లో పదంలోని ఒక అక్షరం మీద ఊనిక పడి, మిగిలినవి నలిగిపోతాయి. ‘ఫోటోగ్రాఫ్’లో మొదటి అక్షరం మీద ఉన్న ఊనిక ‘ఫోటోగ్రఫీ’లో రెండో అక్షరానికి జరుగుతుంది. ఈ జరుగుబాటును కళ్లతో చదివినవారు పట్టుకోలేరు, చెవులతో విన్నవారే పట్టుకోగలరు. పుస్తకంలో తెలిసిన పదాన్నే విదేశీ వార్తా ప్రసారంలో విద్యార్థి గుర్తుపట్టలేకపోవడానికి ఇదే మూలం.

ఇక్కడ వియత్నాంతో పోలిక ఉపయోగపడుతుంది. ఆ దేశంతో హైదరాబాద్‌కు ఈ విషయంలో సంబంధం లేకపోలేదు. 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థగా మొదలై, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన తార్నాకలోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ), ఆసియా, ఆఫ్రికా దేశాల వారికి ఇంగ్లిష్ నేర్పుతూ వస్తోంది. వారిలో వియత్నాం వారూ ఉన్నారు. వియత్నామీ భాషలో ఒకే అక్షరం పలికే స్థాయిని బట్టి అర్థం మారుతుంది. ప్రామాణికమైన ఉత్తరాది మాండలికంలో అలాంటి స్థాయిలు ఆరు. పదాంతంలో వచ్చే హల్లులు కొద్ది, సంయుక్తాక్షరాలు రావు. అందుచేత ఆ భాషీయుల నోట ‘ఫైవ్’, ‘ఫైన్’, ‘ఫైట్’ అనే మూడు పదాలూ చివరి హల్లు జారిపోయి దాదాపు ఒకేలా వినిపించే ప్రమాదముంది. తెలుగువారు చివర ఒక అచ్చును చేర్చేచోట వియత్నామీయులు హల్లునే వదులుకుంటారు. వ్యతిరేక ప్రశ్నకు ‘అవును’ అని జవాబిచ్చే అలవాటు మాత్రం ఇద్దరికీ ఉంది. 2008లో ఆ దేశ ప్రభుత్వం పెద్ద ఎత్తున విదేశీ భాషల పథకాన్ని చేపట్టి 2020ని గడువుగా పెట్టుకుంది. అక్కడా వ్యాకరణ పరీక్ష బాగా రాసి మాట దగ్గర ఆగిపోయే విద్యార్థే ఉపాధ్యాయుల ప్రధాన చింత. రెండు భాషలూ రెండు వేర్వేరు కుటుంబాలవి, రెండు చరిత్రలూ వేరు. అయినా ఫలితం ఒకటే కావడం వల్ల, లోపం తెలుగు నాలుకలోనో వియత్నామీ నాలుకలోనో లేదనీ, మాట్లాడించని చదువులోనే ఉందనీ చెప్పడానికి ఆధారం దొరుకుతుంది.

అశోక్‌నగర్ నుంచి చిక్కడపల్లి ప్రధాన రహదారి వైపు వస్తే త్యాగరాయ గానసభ ఉంటుంది. పుస్తకావిష్కరణలు, సాహిత్య సభలు, సంగీత కచేరీలతో అక్కడి వేదిక మీద తెలుగు మాట ఏడాది పొడవునా వినిపిస్తూనే ఉంటుంది. అలాంటి చోట నిండు సభలో తడబడకుండా మాట్లాడగలిగినవారే ఇంగ్లిష్ అనగానే వెనక్కి తగ్గడం చూస్తే, సమస్యలో భాషకంటే భయం పాలు ఎక్కువని తోస్తుంది. ఆందోళన, సిగ్గు, ఆత్మన్యూనత మనసులో ఒక వడపోతలా పనిచేసి, అందిన భాషను లోపలికి ఇంకనివ్వవని స్టీఫెన్ క్రాషెన్ 1980ల మొదట్లో ప్రతిపాదించాడు. ఈ ప్రాంతంలో ఆ సిగ్గుకు మరో పొర ఉంది. తెలుగు సినిమా చాలాకాలం తెలంగాణ మాటను హాస్యపాత్రలకూ ప్రతినాయకులకూ మాత్రమే అట్టిపెట్టింది. ఆ సినిమాలు ఆడింది ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్లలోనే. పాలమూరు నుంచో ఆదిలాబాద్ నుంచో వచ్చిన విద్యార్థి తన తెలుగే తప్పన్న మాట ముందే ఒకసారి విని ఉంటాడు. సొంత భాషలోనే యాసను చూసి నవ్వినవారిని ఎరిగిన మనిషి, పరాయి భాషలో నోరు విప్పే ముందు పదిసార్లు ఆలోచించడంలో ఆశ్చర్యం లేదు. అతని మౌనాన్ని పిరికితనంగా లెక్కగట్టడం అన్యాయం.

నారాయణగూడకు చేరేసరికి ఈ కథకు చరిత్ర కూడా తోడవుతుంది. నిజాం రాజ్యంలో 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగేది, ఇంగ్లిష్ తప్పనిసరి విషయంగా ఉండేది. తెలుగు పిల్లలకు, అందులోనూ ఆడపిల్లలకు, ఇంటి భాషలో ఉన్నత పాఠశాల లేని ఆ రోజుల్లో మాడపాటి హనుమంతరావు 1928లో నారాయణగూడలో తెలుగు మాధ్యమంతో బాలికల పాఠశాలను నెలకొల్పాడు; ఉర్దూ మాధ్యమపు చట్రంలో దానికి చోటు లేక, పుణేలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధం చేయాల్సి వచ్చింది. తర్వాత 1954లో ఇదే నారాయణగూడలో రాజాబహద్దూర్ వెంకటరామారెడ్డి పేరిట మహిళా కళాశాల వచ్చింది. కొద్ది దూరంలోని హిమాయత్‌నగర్‌లో 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కళాశాల స్థాయి పాఠ్యపుస్తకాలను తెలుగులోకి తెచ్చింది. 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లిష్ మాధ్యమం ప్రవేశించింది, ఒక పుటలో తెలుగు, ఎదురు పుటలో ఇంగ్లిష్ ఉండే పుస్తకాలు పిల్లల చేతికి వచ్చాయి. ఉర్దూ, తెలుగు, ఇంగ్లిష్ అంటూ నూరేళ్లలో బోధనా మాధ్యమం మూడు చేతులు మారింది. ప్రతిసారీ కొత్త భాష ముందు పాఠ్యపుస్తకంలోకి, ఆ తర్వాత పరీక్షలోకి వచ్చింది, సంభాషణలోకి మాత్రం చిట్టచివరికి వచ్చింది, లేదా రానే లేదు.

నేటి అశోక్‌నగర్ విద్యార్థి ఈ చరిత్రకు వారసుడు. తెలుగు అకాడమి పుస్తకంలో చదివిన ‘ద్రవ్యోల్బణం’, ‘స్థూల దేశీయోత్పత్తి’ అతని జవాబుపత్రంలో ఉంటాయి, ‘ఇన్‌ఫ్లేషన్’, ‘జీడీపీ’ అతని చాయ్ చర్చలో ఉంటాయి. రెండు పేర్లూ తెలిసిన మనిషికి ఒక్క పేరే తెలిసినవారికంటే భావన మీద పట్టు ఎక్కువ. ఆ పట్టును సంపదగా గుర్తించిన తరగతి గది మాత్రం అరుదు.

హిమాయత్‌నగర్, నారాయణగూడ వీధుల్లో విదేశీ విద్యా కన్సల్టెన్సీల బోర్డులు కూడా దట్టంగా కనిపిస్తాయి. అక్కడ మాట మరో రకం పరీక్షకు లోనవుతుంది. ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్ పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు ముఖాముఖి సాగుతుంది. మధ్య భాగంలో ఒక అంశమిచ్చి, ఒక నిమిషం ఆలోచించుకోనిచ్చి, రెండు నిమిషాల దాకా మాట్లాడమంటారు. ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ అనే నాలుగింటికీ సమానంగా విలువ కడతారు. దీనికి కూడా జవాబులను కంఠస్థం చేయించే పద్ధతి వ్యాపించింది. వల్లెవేసిన పేరా అయిపోగానే పరీక్షకుడు అడిగే చిన్న ఎదురుప్రశ్న దగ్గర ఆ కట్టడం కూలిపోతుంది, ఎందుకంటే కంఠస్థం చేసిన మాటకు ఎదుటి మనిషి అక్కర్లేదు, సంభాషణకు కావాలి.

ఇందిరా పార్కు పక్కనే ఉన్న దోమలగూడ రామకృష్ణ మఠంలో దీనికి భిన్నమైన దృశ్యం చూడవచ్చు. అక్కడి వివేకానంద భాషా సంస్థ నాలుగు దశాబ్దాలకు పైగా ఇంగ్లిష్‌తో సహా పలు భాషలను అందుబాటు రుసుముతో నేర్పుతోంది. కళాశాల విద్యార్థులు, ఉద్యోగులు, గృహిణులు, విశ్రాంత ఉద్యోగులు ఒకే బెంచీ మీద కూర్చునే అవకాశం ఉండటమే అలాంటి చోట్ల అసలు బలం. వయసులోనూ వృత్తిలోనూ తేడా ఉన్నవారు ఒకరితో ఒకరు మాట్లాడాల్సి వచ్చినప్పుడు చెప్పడానికి నిజంగా ఏదో ఒకటి ఉంటుంది. తనకంటే పెద్దవారు కూడా తనలాగే తడబడటం చూసిన కుర్రవాడికి సగం భయం అక్కడే పోతుంది. అశోక్‌నగర్‌లో ఒకే వయసువారు, ఒకే పరీక్షకు, ఒకరికొకరు పోటీదారులుగా ఉండటం వల్ల ఈ వెసులుబాటు దొరకదు.

అయినా అశోక్‌నగర్‌కు తనదైన వనరు ఒకటి ఉంది, అది సాయంత్రపు చర్చ. ఇంగ్లిష్ నామవాచకాలతో, తెలుగు క్రియలతో ఇప్పటికే సాగుతున్న ఆ వాదనలో, రోజుకు ఒక్క అంశాన్ని ముందు తెలుగులో తేల్చుకుని, తర్వాత అదే అంశాన్ని అదే మిత్రులతో ఇంగ్లిష్‌లో మళ్లీ చెప్పుకుంటే, ఆలోచన కోసం వెతుక్కునే భారం తగ్గి మొత్తం శ్రద్ధ వాక్యం మీదే నిలుస్తుంది. మధ్యలో ఎవరూ తప్పులు దిద్దకూడదు, అర్థం కాకపోతే మాత్రమే అడగాలి. నగర కేంద్ర గ్రంథాలయం ఆవరణలో రోజూ ఒక గంట, ఒక మూల ఇందుకు కేటాయించడానికి పెద్ద ఖర్చేమీ అవసరం లేదు. నిశ్శబ్దం కావలసినవారికి లోపలి హాలు ఎలాగూ ఉంటుంది.

ఇంటర్వ్యూ లేని పరీక్షలో ఇదంతా ఎందుకన్న ప్రశ్న ఇక్కడి విద్యార్థుల నుంచే రావచ్చు. ఉద్యోగం వచ్చాక డిప్యూటీ కలెక్టర్‌గా జిల్లాకు వెళ్లినవారు సోమవారం ప్రజావాణిలో అర్జీదారులతో తెలుగులో, కొన్నిచోట్ల ఉర్దూలో, ఆదిలాబాద్ వైపు గోండు గూడేలకు వెళ్తే దుబాసీ సాయంతో మాట్లాడతారు. హైకోర్టు అఫిడవిట్ గురించి ప్రభుత్వ న్యాయవాదితోనూ, తెలుగు రాని కేంద్ర బృందం వరద నష్టాన్ని చూడటానికి వచ్చినప్పుడు ఆ అధికారులతోనూ ఇంగ్లిష్‌లో మాట్లాడాల్సి వస్తుంది. మునిగిన పొలం గట్టు మీద నిలబడి, ఎన్ని ఎకరాలు పోయాయో, రైతులకు ఏం కావాలో ఆ బృందానికి అప్పటికప్పుడు నోటితో వివరించాల్సింది ఆ అధికారే.